సోమవారం నుంచి డైటింగా? ఐతే మళ్ళీ లావవుతారు!

తెలుగువాళ్ళకి బరువు తగ్గడం తెలీదంటే నేనొప్పుకోను. మనకి తెలిసినన్ని పద్ధతులు ఇంకెవరికీ తెలిసుండవు. మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పూ నూనే లేకుండా వండుకోవడం నేర్పారు. వీరమాచనేని రామకృష్ణ గారు కొబ్బరినూనె, నిమ్మకాయలు, మల్టీవిటమిన్ మాత్రలతో ఊళ్ళకి ఊళ్ళని కదిలించారు. ఖాదర్ వలీ గారు కొర్రలూ అరికెలూ తినమన్నారు, 2023లో పద్మశ్రీ కూడా అందుకున్నారు. ఒకాయన నూనె ముట్టొద్దంటే ఇంకొకాయన నూనె తాగమన్నారు. విచిత్రం ఏంటంటే ఇద్దరి మాటా విని తగ్గినవాళ్ళు ఉన్నారు. ఇంకా విచిత్రం ఏంటంటే ఇద్దరి మాటా విని తగ్గి, మళ్ళీ పెరిగినవాళ్ళు కూడా ఉన్నారు. ఒక్కోసారి ఆ ఇద్దరూ ఒకే మనిషి! :)

వాళ్ళ ముగ్గురి మీదా నాకేం కోపం లేదు. నేననేది ఒకటే. ఏం తినాలి అనే ప్రశ్నకి మన దగ్గర జవాబులు కావల్సినన్ని ఉన్నాయి. తగ్గిన బరువు తగ్గినట్టు ఎందుకుండదు అని మాత్రం ఎవరూ అడగరు. పొరపాట్న అడిగితే పెద్దలూ, డాక్టర్లూ, పక్క క్యూబికల్ వాళ్ళూ అందరూ కూడబలుక్కున్నట్టు ఒకే మాట చెప్తారు, "నోరు కట్టుకోవాలి బాబూ!" అని. నా గొడవంతా ఈ మాటతోనే.

ముందు లెక్కలు చూద్దాం. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం ఆడవాళ్ళూ, 31.1 శాతం మగవాళ్ళూ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారని తేలింది. దేశం మొత్తమ్మీద చూస్తే ఇవి 24, 22.9 శాతం. ఇక మన సంగతి. హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల మీద చేసిన ఒక అధ్యయనం 2025లో సైంటిఫిక్ రిపోర్ట్స్ అనే పత్రికలో వచ్చింది. పరీక్షించిన 345 మందిలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది. 71 శాతం మందికి ఊబకాయం.

ఇప్పుడు చెప్పండి, ఇంతమందికీ నోరు కట్టుకోవడం చేతకాకేనా? ఎంసెట్ కోసం రెండేళ్ళు సినిమా లేదు, పండగ లేదు, తెల్లారి ఐదింటికి లేచి స్టడీ అవర్లో కూర్చున్న జనం మనం. రిలీజ్ ఉందంటే రాత్రీ పగలూ తేడా లేకుండా పనిచేస్తాం. మనలాంటి వాళ్ళకి పట్టుదల లేదనడానికి నోరెలా వస్తుందండీ?

అసలు పట్టుదల సంగతి అలా ఉంచి శరీరం సంగతి చూడండి. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పేపరు రాశారు. కొంతమందికి పది వారాలు బాగా తక్కువ తిండి పెట్టి బరువు తగ్గించారు. ఏడాది తరవాత మళ్ళీ పరీక్షిస్తే, ఆకలిని నడిపించే హార్మోన్లు ఇంకా పాత స్థాయికి రాలేదు. ఆకలి కూడా మునుపటికన్నా ఎక్కువే ఉంది. అంటే తగ్గిన మనిషిని వాడి ఒళ్ళే వెనక్కి లాగుతుంటుంది. అలాంటివాణ్ణి పట్టుకుని "నీకు కంట్రోల్ లేదు" అనడం, ఎదురుగాలిలో సైకిలు తొక్కేవాణ్ణి సోమరి అనడం లాంటిది.

మనం ఇంజనీర్లం కదా, ఇంజనీర్లలాగే ఆలోచిద్దాం. ప్రొడక్షన్‌లో ఒకే ఇష్యూ నాలుగోసారి వచ్చిందనుకోండి. సర్వర్ రీస్టార్ట్ చేసి ఇంటికెళ్ళిపోతామంటే క్లయింటు ఊరుకుంటాడా? లాగ్స్ తియ్యమంటాడు, రూట్ కాజ్ ఏంటో రాసి పంపమంటాడు. మరి మన ఒంటి విషయంలో పదేళ్ళుగా చేస్తున్నదేంటి? ఉగాదికి ఒక డైటు, దసరాకి ఇంకో డైటు, కొత్త సంవత్సరానికి జిమ్ము. అన్నీ రీస్టార్టులే. లాగ్ ఒక్కసారైనా తెరిచామా?

తెరిస్తే ఏం కనపడుతుందో చూద్దాం. మంగళవారం రాత్రి పదకొండైంది. అమెరికా వాళ్ళతో కాల్ అప్పుడే ముగిసింది. అందులో నలుగురి ముందూ ఎవరో ఒక మాటన్నారు. కాల్ అవగానే ఫోన్లో బిర్యానీ ఆర్డరు. ఇంతవరకూ అందరికీ కనపడేదే. కనపడనివి రెండున్నాయి. ఆర్డరుకి ముందు "ఇంత చాకిరీ చేశాక ఈ మాత్రం తినకూడదా?" అనే ఆలోచన ఒకటి. తిన్నాక "ఎలాగూ ఈ వారం పాడైంది, ఇక సోమవారం నుంచి చూద్దాం" అనే ఆలోచన రెండోది.

ఆ బిర్యానీలో అదనంగా వెయ్యి కేలరీలున్నాయనే అనుకుందాం. అదంతా కొవ్వైనా 130 గ్రాములే. దానికే ఎవరూ లావవరు. కొంప ముంచేది రెండో ఆలోచన. మంగళవారం తప్పటడుగుకి బుధవారం నుంచి ఆదివారం దాకా ఐదు రోజులు రాసిచ్చేస్తాం చూడండి, బరువంతా అక్కడ పెరుగుతుంది. "ఉంటే ఉగాది, లేకుంటే శివరాత్రి" అని మనవాళ్ళు ఊరికే అనలేదు. సగటు తెలుగువాడి డైటింగ్ అంటే ఆ సామెతే. ఐతే కఠిన ఉపవాసం, లేకపోతే కట్టలు తెంచుకోవడం. మధ్యలో మామూలు రోజంటూ ఒకటుంటుందని ఏ డైట్ చార్టూ చెప్పదు.

ఈ ఆలోచనల్ని పట్టుకుని పని చేసేదే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, పొట్టిగా సీబీటీ. 1960లలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్ట్ డిప్రెషన్ రోగుల కోసం దీనికి రూపమిచ్చాడు. ఆయన నూరేళ్ళు బతికి 2021లో పోయాడు. ఆయన కూతురు జూడిత్ బెక్ అదే పద్ధతిని బరువు సమస్యకి అన్వయించి 2007లో పుస్తకం రాసింది. అసలు సూత్రం చాలా తేలిక. సంఘటన జరుగుతుంది, మనసులో ఠక్కున ఒక ఆలోచన వస్తుంది, దాంతో ఒక భావం, దాంతో ఒక పని. సంఘటన మన చేతిలో లేదు. భావాన్ని బలవంతంగా మార్చలేం. ఆలోచనని మాత్రం కాగితం మీద పెట్టి, "ఇది నిజమా? నిజమనడానికి ఆధారమేంటి?" అని నిలదీయొచ్చు.

"వారం పాడైంది" అన్నారు కదా. వారంలో మూడు పూటల లెక్కన 21 భోజనాలు. పాడైంది ఒకటి. 21 టెస్ట్ కేసుల్లో ఒకటి ఫెయిలైతే ప్రాజెక్టు మొత్తం డిలీట్ చేస్తామా? ఇదే విషయం మనసులో అనుకోవడం వేరు, ఆ రాత్రే కాగితం మీద రాయడం వేరు. థెరపిస్ట్ రాయిస్తారు. వారం తరవాత ఆ కాగితాలన్నీ ముందేసుకుని, ఏ టైములో, ఏ మూడ్‌లో, ఏ మాట తరవాత చెయ్యి ఫోన్ మీదకి వెళ్తోందో మీ చేతే కనిపెట్టిస్తారు. కాల్ ఉన్న రోజు ఏడున్నరకే భోంచెయ్యడం, ఫుడ్ యాప్ తీసేయడం, మాటపడ్డ రాత్రి తిండి కాకుండా ఇంకేం చెయ్యాలో ముందే రాసిపెట్టుకోవడం లాంటివి ఆ తరవాత. ఇందులో మంత్రం లేదు, మాయ లేదు. హోంవర్క్ ఉంది. అందుకే దీని గురించి యూట్యూబ్‌లో ఎవరూ గొంతు చించుకోరు.

మా పల్నాడు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించాడనే కథ వింటూ పెరిగినవాళ్ళం. మాకు తిండంటే కేలరీల లెక్క కాదు, మర్యాద, ఆప్యాయత. నడికూడిలో రైలు దిగి దాచేపల్లిలో ఇంటికెళ్తుంటే బజార్లో బాబాయి "ఏరా, ఒళ్ళు చేశావే!" అని నలుగురూ వినేలా అంటాడు. గడప తొక్కగానే పిన్ని "చిక్కి సగమయ్యావు నాన్నా, ఏం తింటున్నావో ఏంటో" అంటుంది. ఈ ఇద్దరి మధ్యా విస్తరేసి కూర్చోబెడతారు. గోంగూర పచ్చడి, నెయ్యి, మూడోసారి అన్నం. అమ్మకి వద్దని చెప్పలేం, ఎందుకంటే "వద్దంటే నొచ్చుకుంటుంది" అనే ఆలోచన గొంతులో అడ్డం పడుతుంది.

కొర్రలు తినమనే చార్టు ఇక్కడేం చేస్తుందండీ? సీబీటీ ఐతే దీన్ని ఒక అంచనాగా తీసుకుంటుంది. అంచనా అన్నాక పరీక్షించాలి. "పచ్చడి అదిరిందమ్మా, కడుపు నిండింది, మిగిలింది రేప్పొద్దున నాకే" అని ఒక్కసారి చెప్పి చూడమంటుంది. ఏం జరిగిందో రాయమంటుంది. అమ్మ నిజంగా నొచ్చుకుందా, ఎంతసేపు, సాయంత్రానికి మామూలుగానే ఉందా అని. నూటికి తొంభైసార్లు మనం భయపడ్డంత జరగదు. అక్కడ కూడా గెలిచేది పట్టుదల కాదు, పరీక్ష.

మాటలు బాగానే ఉన్నాయి, రుజువులేవీ అంటారా? ఉన్నాయి. 2002లో ఫలితాలు వచ్చిన అమెరికా డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాంలో 3,234 మంది పాల్గొన్నారు. షుగరు వచ్చే ప్రమాదాన్ని మెట్‌ఫార్మిన్ మాత్ర 31 శాతం తగ్గిస్తే, జీవనశైలి శిక్షణ 58 శాతం తగ్గించింది. ఆ శిక్షణలో 16 పాఠాలుంటాయి. తిండీ నడకా ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు ప్రతికూల ఆలోచనలకి ఎదురు జవాబు చెప్పడం ఒక పాఠం, జారిపడ్డాక లేవడం ఎలా అన్నది ఇంకో పాఠం. మన డైట్ చార్టుల్లో ఎగరగొట్టేసేది సరిగ్గా ఈ పాఠాలనే.

తగ్గిన బరువుని నిలబెట్టుకోవడం మీద ఇంకో ప్రయోగం 2006లో వచ్చింది. అప్పటికే బరువు తగ్గిన 314 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి పోస్టులో కరపత్రాలు, ఒక గుంపుకి ఇంటర్నెట్లో శిక్షణ, ఒక గుంపుకి మనిషి ఎదురుగా కూర్చుని శిక్షణ. రోజూ బరువు చూసుకోవడం, గీత దాటితే వెంటనే ఏం చెయ్యాలో ముందే తేల్చుకోవడం అందులో భాగం. 18 నెలల తరవాత కరపత్రాల గుంపు సగటున 4.9 కిలోలు పెరిగింది, ఇంటర్నెట్ గుంపు 4.7, ముఖాముఖి గుంపు 2.5. యాప్ డౌన్‌లోడ్ చేసుకుంటే సరిపోతుందనుకునే మనలాంటి వాళ్ళు ఈ మూడు అంకెలూ గోడ మీద అంటించుకోవాలి. యాప్ రాసేవాళ్ళం మనమే కాబట్టి మరీనూ! ఐతే ఇంటర్నెట్ గుంపు మరీ దండగేం కాదు. రెండుంపావు కిలోలు, ఆపైన పెరిగినవాళ్ళు కరపత్రాల గుంపులో 72 శాతం ఉంటే ఇంటర్నెట్ గుంపులో 55, ముఖాముఖిలో 46. ఏమీ లేనిదానికన్నా నయమే, మనిషికి సాటి మాత్రం కాదు.

సీబీటీ పేరు చెప్పి తొంభై రోజుల్లో జీవితాంతం సన్నబడతారని ఎవరైనా అమ్మజూపితే నేను వాళ్ళకీ వ్యతిరేకమే. 2010లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ప్రయోగం చూడండి. బరువు తిరిగి రాకుండా ఉండాలనే ప్రత్యేకంగా తయారుచేసిన సీబీటీని, మామూలు బిహేవియర్ థెరపీతో పోల్చారు. 150 మంది మహిళలు. చికిత్స అయ్యాక మూడేళ్ళు గమనించారు. తగ్గిన బరువులో చాలా భాగం తిరిగొచ్చేసింది, సీబీటీ ఏమీ మెరుగ్గా నిలవలేదు. ఈ పేపరు దాచిపెట్టి సీబీటీని పొగిడేవాణ్ణి నమ్మకండి.

మరి నా వాదన వీగిపోయినట్టేనా? కాదు. లుక్ అహెడ్ అని ఇంకో పెద్ద ప్రయోగం ఉంది, షుగరున్న 5,145 మందితో. అందులో శిక్షణ గుంపువాళ్ళని కొన్ని నెలలకే వదిలెయ్యలేదు, ఏళ్ళ తరబడి పలకరిస్తూనే ఉన్నారు. ఎనిమిదేళ్ళ తరవాత కూడా వాళ్ళలో సగంమంది మొదటి బరువుకన్నా కనీసం 5 శాతం తక్కువే ఉన్నారు. రెండూ పక్కపక్కన పెడితే నాకు తోచేది ఇది. ఆలోచనని పట్టుకోవడం నేర్చుకుంటే వస్తుంది, వదిలేస్తే తుప్పు పడుతుంది. కోడ్ రాసి మెయింటెనెన్స్ మానేస్తే ఏమవుతుందో మనకెవరూ చెప్పక్కర్లేదు. కాబట్టి అడగాల్సింది పది నెలల కోర్సు కాదు, ఏళ్ళపాటు తోడుండే మనిషి. అడగాల్సిన లక్ష్యం సిక్స్ ప్యాక్ కాదు, 5 నుంచి 7 శాతం. 90 కిలోల మనిషికి ఐదారు కిలోలు. దానికే షుగరు భయం సగానికి పైగా తగ్గుతుందని పైనున్న లెక్కే చెప్తోంది కదా.

"ఇంజెక్షన్లొచ్చాయి కదా, ఇంకా ఈ గోలెందుకు?" అంటారని తెలుసు. మౌంజారో, వెగోవీ రెండూ 2025లో మన మార్కెట్లోకి వచ్చాయి. మంచి మందులే, అవసరమైనవాళ్ళకి డాక్టరు రాస్తే వాడాల్సిందే. ఆకలి ఒళ్ళు చేసే అల్లరి అని చెప్పింది నేనే కదా, దాన్ని మందు తగ్గిస్తే ఎవరు కాదంటారు? కానీ వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్ ఆపేశాక ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చిందని 2022లోనే ప్రచురించారు. ఇంజెక్షన్ ఆకలిని తగ్గిస్తుంది. రాత్రి పదకొండింటి మాటపడ్డ బాధకి వేరే దారి చూపించదు. మందు వేసుకున్నా, వేసుకోకపోయినా ఆ పాఠం నేర్చుకోవాల్సిందే.

ఇక అసలైన అడ్డంకి. "సైకాలజిస్ట్ దగ్గరికా? నాకేమన్నా పిచ్చా?" మోకాలు నొప్పికి ఫిజియోథెరపీకెళ్తే కాలు విరిగిందా అని ఎవరూ అడగరు. సీబీటీ కూడా అలాంటి శిక్షణే. ముందు మామూలు డాక్టరు దగ్గర థైరాయిడ్, షుగర్, వాడుతున్న మందులు చూపించుకోండి. ఆ తరవాత రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరైన క్లినికల్ సైకాలజిస్ట్‌ని వెతకండి. చేతులు వణికేంత ఆత్రంతో తినడం, తిన్నది కావాలని కక్కడం, తిన్నందుకు తనని తాను అసహ్యించుకోవడం ఉంటే సోమవారం దాకా కూడా ఆగొద్దు. దాచేపల్లిలో ఉన్నా, డాలస్ నుంచి సెలవుకొచ్చి ఉన్నా, 2022లో కేంద్రం మొదలెట్టిన టెలీ మానస్ నంబరు 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. అదేం బరువు తగ్గించే కేంద్రం కాదు, కానీ ఎవర్ని కలవాలో తేల్చుకోవడానికి మొదటి మెట్టు.

చివరగా మన కంపెనీల మీద పడతాను. ఏటా పన్నెండు వారాల వెయిట్ లాస్ ఛాలెంజ్ పెడతారు. ఎక్కువ కిలోలు తగ్గినవాడికి స్మార్ట్ వాచీ, టౌన్‌హాల్లో ముందూ తరవాతా ఫోటోలు, చప్పట్లు. పదమూడో వారం ఏం జరిగిందో ఏ హెచ్ఆరూ అడగదు. తిరిగి పెరిగినవాడు క్యాంటీన్లో అందరి కళ్ళూ తప్పించుకుంటూ తింటాడు. ఇది ఆరోగ్యం కాదు, "ఉంటే ఉగాది"కి స్పాన్సర్‌షిప్పు. ఎంత వేగంగా తగ్గితే అంత బహుమతి అని మీరే నేర్పిస్తే, తిరిగొచ్చిన బరువుకి వాడొక్కడే బాధ్యుడెలా అవుతాడు?

ఇన్సూరెన్స్ ఇంకా విడ్డూరం. 2019 ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం ఊబకాయం ఆపరేషన్‌కి డబ్బు రావాలంటే బీఎమ్ఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి తీవ్రమైన జబ్బులుండాలి, అదీ ఆపరేషన్ అక్కర్లేని పద్ధతులు విఫలమయ్యాకే. బానే ఉంది, కానీ ఆ పద్ధతులు సవ్యంగా ప్రయత్నించడానికి డబ్బెవరిస్తారు? 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మానసిక వైద్యానికి కూడా శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలంది. మన గ్రూపు పాలసీలు చాలావరకూ మంచమెక్కితేనే కదులుతాయి. కడుపు కోస్తే లక్షలు, కూర్చుని మాట్లాడితే సున్నా!

అందుకని ఈసారి ఛాలెంజ్ మెయిలొచ్చినప్పుడు పేరిచ్చే ముందు రిప్లై ఆల్‌లో మూడు ప్రశ్నలడగండి. పోయినేడు గెలిచినవాళ్ళలో ఎంతమంది అదే బరువు దగ్గర నిలబడ్డారు? ఆ బహుమతుల డబ్బుతో నెలకి నాలుగు రోజులు ఒక క్లినికల్ సైకాలజిస్ట్‌ని ఎందుకు పెట్టరు? పాలసీలో సైకాలజిస్ట్ ఓపీడీ ఖర్చు ఎందుకు లేదు? ఒక్కరడిగితే తలతిక్కంటారు. ఫ్లోర్‌లో ముప్పైమంది అడిగితే దాన్ని రిక్వైర్‌మెంట్ అంటారు. రిక్వైర్‌మెంట్లు ఎలా కదులుతాయో మనకి తెలుసు కదా.

ఏమంటారు? జవాబు మాత్రం సోమవారం నుంచి ఆలోచిస్తానని అనకండి. :)